పాత కమిన్స్ పికప్‌కి ఇంట్లోనే ట్విన్ టర్బో: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

డీజిల్ పికప్‌కి రెండు టర్బోలు (ఇంజన్ వదిలే పొగతో తిరిగి, గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేవి) కట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందు టర్బోలు కొని, తర్వాత లెక్కలు వేస్తారు. మొదటిసారి నేనూ అదే చేశాను. పాత సామాన్ల యార్డులో చవగ్గా దొరికిందని 88 మిల్లీమీటర్ల చక్రం ఉన్న పెద్ద టర్బో ఒకటి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేస్తే, మా ఇంజన్ వదిలే పొగ దాన్ని వేగంగా తిప్పడానికే చాలదని తేలింది. ఏడాది తర్వాత సగం ధరకి అమ్మేశాను. అందుకే వెల్డింగ్ మిషన్ ఆన్ చేయకముందు జరగాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ఉదాహరణకి తీసుకున్న బండి 1994-98 మధ్య అమెరికాలో వచ్చిన డాడ్జ్ ర్యామ్. ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, 12 వాల్వులు, బాష్ పీ7100 ఇంజెక్షన్ పంపు. డీజిల్ ఎంత పోయాలో నిర్ణయించేది పూర్తిగా మెకానికల్ పంపే, మధ్యలో కంప్యూటర్ లేదు. మన పల్లెల్లో పొలం గట్టున ఆయిల్ ఇంజన్ విప్పి బిగించిన చేతికి ఈ ఇంజన్ కొత్తగా అనిపించదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. ట్విన్ టర్బో అంటే రెండు రకాలు. కొన్ని వీ6 కార్లలో ఒకే సైజు టర్బోలు రెండు పక్కపక్కనే పనిచేస్తాయి. డీజిల్ పికప్ వాళ్లు ‘ట్విన్స్’ అనేది వేరే, దాని అసలు పేరు కాంపౌండ్. బయటి గాలిని ముందు పెద్ద టర్బో నొక్కుతుంది. ఆ నొక్కిన గాలినే చిన్న టర్బో మళ్లీ నొక్కి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజన్‌కి పంపుతుంది. పొగ దారి దీనికి తిరగబడి ఉంటుంది: ఇంజన్ నుంచి ముందు చిన్నదానికి, అక్కడి నుంచి పెద్దదానికి, చివరికి సైలెన్సర్‌కి. తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) చిన్నది వెంటనే అందుకుంటుంది, భారం పెరిగాక పెద్దది తోడవుతుంది. ఈ వ్యాసం కాంపౌండ్ గురించే.

మొదటి పని: బండి ఏం చేయాలో రాసుకోండి

“ఎంత పవర్ వస్తే అంత” అనుకుంటే ప్లాన్ కుదరదు. నా కాగితం మీద మొదటి వాక్యం ఇది: ఐదు టన్నుల ట్రైలర్‌తో ఎత్తు ఎక్కుతున్నా ఎగ్జాస్ట్ వేడి అదుపులో ఉండాలి, నల్ల పొగ రాకూడదు. దానికి 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్, అంటే టర్బోలు అదనంగా ఇచ్చే గాలి పీడనం, 2800 ఆర్‌పీఎం చాలనుకున్నాను. రేసుల కోసం కట్టే బండికి అంకెలు వేరుగా ఉంటాయి.

చట్టం గురించి కూడా ఇక్కడే తెలుసుకోండి. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం కాలుష్య నియంత్రణ భాగాల్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం చట్టవిరుద్ధం. బండి పాతదైనా ఈ నియమం వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో అయితే మార్పిడి భాగాలకి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి కావాలి. కాబట్టి ఏ భాగం మారుస్తున్నారో మీ రాష్ట్ర నియమాలతో పోల్చి చూసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండి బొలెరో పికప్‌కి ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చి రోడ్డు మీద తిప్పకూడదు.

రెండో పని: గుణకారం

కాంపౌండ్ అంతా ఒక్క గుణకారంలో ఉంది. ఇది మనసుకి పట్టిందంటే మిగతావన్నీ తేలిక.

సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ. బూస్ట్ గేజ్ చూపించేది దాని మీద అదనంగా ఉన్న పీడనాన్ని. 50 పీఎస్ఐ బూస్ట్ అంటే అసలు పీడనం 64.7. దాన్ని 14.7తో భాగిస్తే 4.4. అంటే గాలిని 4.4 రెట్లు నొక్కాలి. ఒక్క టర్బోతో అంత నొక్కించాలంటే అది ప్రాణాంతకమైన వేగంతో తిరగాలి, గాలి కూడా విపరీతంగా వేడెక్కుతుంది. ఆ పనిని ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి 4.4కి వర్గమూలం, అంటే 2.1 వస్తుంది.

ఇప్పుడు వరసగా చూడండి. పెద్ద టర్బో 14.7ని 2.1 రెట్లు చేస్తే 30.9. రెండు టర్బోల మధ్య గేజ్ పెడితే 16 పీఎస్ఐ చూపిస్తుంది. చిన్న టర్బో ఆ 30.9ని మళ్లీ 2.1 రెట్లు చేస్తే దాదాపు 65. ఇంజన్ దగ్గర గేజ్ 50 చూపిస్తుంది. ఒక్కోటి విడిగా 16 మాత్రమే ఇవ్వగలిగే పనిచేస్తూ, కలిసి 50 ఇస్తున్నాయి.

ఎత్తైన చోట్లకి వెళ్లేవాళ్లు ఇంకో లెక్క వేయాలి. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంటుంది. ఆ ఎత్తులో గాలి పీడనం దాదాపు 9.7 పీఎస్ఐ. అక్కడ అదే 50 పీఎస్ఐ కావాలంటే గాలిని ఆరు రెట్లకి పైగా నొక్కాలి. గేజ్ మీద అంకె మారకపోయినా టర్బోలు మాత్రం చాలా ఎక్కువ వేగంతో తిరుగుతుంటాయి. ట్రైలర్‌తో ఆ కొండ ఎక్కేటప్పుడు బూస్ట్ తగ్గించుకునే ఏర్పాటు ఉండాలి.

మూడో పని: ఇంజన్ ఎంత గాలి తాగుతుంది?

ఈ ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి 5.9 లీటర్ల గాలి పీలుస్తుంది. 2800 ఆర్‌పీఎంలో అది నిమిషానికి 8,260 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 90 శాతం అనుకుంటే సుమారు 7,430 లీటర్లు. 30 డిగ్రీల వేడిలో ఆ గాలి బరువు 8.7 కిలోలు. 4.4 రెట్లు నొక్కినా, ఇంటర్‌కూలర్ దాటాక గాలి 65 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి చిక్కదనం 3.9 రెట్లే పెరుగుతుంది. మొత్తం నిమిషానికి 34 కిలోలు, అంటే 75 పౌండ్లు. కంప్రెసర్ మ్యాపులు (ఒక టర్బో ఎంత గాలిని ఎన్ని రెట్లు నొక్కగలదో చూపే పటాలు) ఎక్కువగా పౌండ్లలోనే ఉంటాయి.

పెద్ద టర్బో మ్యాప్ మీద 2.1 దగ్గర 75 పౌండ్ల చుక్క పెట్టండి. ఆ చుక్క పటం మధ్యలో దీవుల్లా గీసిన గీతల లోపల పడాలి. ఎడమ గీత దాటితే సర్జ్ (గాలి వెనక్కి తన్నడం), కుడి అంచుకి పోతే ఊపిరాడదు.

చిన్న టర్బో దగ్గర చాలామంది పొరపాటు పడతారు. 75 పౌండ్లని దాని మ్యాప్ మీద అలాగే వెతికి, “ఇది చాలదు” అని పెద్దది కొంటారు. దాని దగ్గరికి వచ్చేసరికి గాలి అప్పటికే నొక్కుకుపోయి, తక్కువ చోటు తీసుకుంటుంది. 75ని 2.1తో భాగించి, వేడెక్కినందుకు 1.14తో గుణిస్తే దాదాపు 41 పౌండ్లు. ఈ బండ్లలో చాలావాటికి కంపెనీ పెట్టిన టర్బో హోల్‌సెట్ హెచ్‌ఎక్స్35 అంత గాలిని హాయిగా మోస్తుంది. అంటే మీ దగ్గరున్న టర్బోనే చిన్న టర్బోగా వాడుకోవచ్చు.

పెద్దదానికి బోర్గ్‌వార్నర్ ఎస్400 వరసలో 67 నుంచి 75 మిల్లీమీటర్ల చక్రం ఉన్నవి ఈ లెక్కకి సరిపోతాయి. ట్రైలర్ లాగేవాళ్లు చిన్న సైజు వైపు మొగ్గండి. పెద్ద చక్రం పేరుకి బాగుంటుంది కానీ, సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరిన ప్రతిసారీ పొగ కక్కిస్తుంది.

పొగని పక్కదారి పట్టించే గేటు, అంటే వేస్ట్‌గేట్, ముఖ్యం. పూర్తి భారం మీద ఇంజన్ వదిలే పొగ మొత్తాన్ని చిన్న టర్బైన్ (టర్బోలో పొగ తిప్పే చక్రం) గుండా పంపలేం. కొంత పొగని దాన్ని తప్పించి నేరుగా పెద్దదానికి పంపాలి. హెచ్‌ఎక్స్35 లోపలి గేటు చిన్నది. పొగ పైపు మీద విడిగా ఒక పెద్ద వేస్ట్‌గేట్‌కి చోటు ఇప్పుడే కాగితం మీద గీసుకోండి. తర్వాత ఇరికిద్దామంటే చోటు మిగలదు.

నాలుగో పని: ఇంజన్ తట్టుకుంటుందా?

ఈ ఇంజన్లో ముందువైపు గేర్లని మూసే టైమింగ్ కవర్ లోపల ఒక డోవెల్ పిన్ (చిన్న ఉక్కు మేకు) ఉంటుంది. అది వదులై గేర్ల మధ్య పడితే ఇంజన్ పోతుంది. ఆ పిన్నుకి అడ్డు బిగించకుండా ఈ బండి మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి.

40 పీఎస్ఐ దాటాక పాత హెడ్ బోల్టుల మీద నమ్మకం పెట్టుకోలేం, స్టడ్స్ (రెండు చివర్లా మరలున్న గట్టి కడ్డీలు) వేయాలి. 12 వాల్వ్ ఇంజన్లో హెడ్ విప్పకుండా ఒక్కో బోల్టే తీసి దాని చోట స్టడ్ పెట్టుకుంటూ పోవచ్చు. వాల్వ్ స్ప్రింగులూ గట్టివి కావాలి, ఎందుకంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగ అంతా కలిసే గొట్టం) పెరిగిన పీడనం వాల్వుని వెనక నుంచి నెట్టి తెరవాలని చూస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే టర్బోల కన్నా ముందు దాని ఖర్చు లెక్కలో వేసుకోండి. మాన్యువల్ అయితే క్లచ్.

ఐదో పని: పైపులు

పొగ మానిఫోల్డ్, టర్బో ప్యాసింజర్ వైపు ఉంటాయి. అక్కడే బ్యాటరీ, ఏసీ పైపులు కూడా. పెద్ద టర్బోని అట్టముక్కలతో చేసిన నమూనాతో, పీవీసీ పైపులతో ముందు కూర్చోబెట్టి చూడండి. బానెట్ మూసి చూడండి. ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. పెద్ద టర్బో బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది. దాని బ్రాకెట్‌ని ఇంజన్ బ్లాక్‌కే బిగించాలి. ఛాసిస్‌కి బిగిస్తే ఇంజన్ ఊగిన ప్రతిసారీ పైపు మీద లాగుడు పడి వెల్డింగ్ విరుగుతుంది.

వేడికి పైపు సాగుతుంది. 600 డిగ్రీల దగ్గర మీటరు మామూలు స్టీలు పైపు 7-8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, 304 స్టెయిన్‌లెస్ అయితే దాదాపు 10. అందుకే రెండు టర్బోల మధ్య పొగ పైపులో ఒక బెల్లోస్ (సాగి ముడుచుకునే మడతల పైపు) ముక్క పెట్టండి. వెల్డ్ చేసేటప్పుడు ఫ్లాంజిని (పైపు చివర బోల్టులు బిగించే పళ్లెం) మందమైన ప్లేటుకి బిగించి చేస్తే వంకర పోదు. లోపల మిగిలిన వెల్డింగ్ స్లాగ్ (గట్టిపడిన పెచ్చు) తునక ఒక్కటి చాలు పెద్ద టర్బైన్ రెక్కల్ని తినేయడానికి, కాబట్టి పైపు లోపల శుభ్రంగా గీకండి. ఒక హెచ్చరిక: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేయకండి. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

గాలి వైపు పైపుల చివరలకి అంచు ఉబ్బించి, టీ-బోల్ట్ క్లాంపులు వేయాలి. మూడంగుళాల పైపులో 50 పీఎస్ఐ ఉంటే సిలికాన్ గొట్టాన్ని ఊడబెరికే బలం 160 కిలోలు. మామూలు క్లాంపు దాన్ని ఆపలేదు.

ఆరో పని: ఆయిల్ వెనక్కి వెళ్లే దారి

నా మొదటి సెటప్‌ని పాడుచేసింది ఇదే. ఆయిల్ టర్బోలోకి ఒత్తిడితో వస్తుంది, బయటికి మాత్రం తన బరువుతోనే జారిపోవాలి. పెద్ద టర్బోని కింద పెట్టాను. డ్రెయిన్ పైపు ఒకచోట కొద్దిగా పైకి లేచి దిగింది. కంటికి ఏమంత తేడా లేదు. పది నిమిషాల ఐడ్లింగ్‌కే తెలుపూ నీలం కలిసిన పొగ, టర్బో నిండా ఆయిల్. సీల్ పోయిందనుకుని టర్బో విప్పించాను, సీల్ బాగానే ఉంది. పైపు వంపు సరిచేశాక పొగ ఆగిపోయింది. డ్రెయిన్ కనీసం 16 మిల్లీమీటర్ల లోపలి వెడల్పుతో, మొదటి నుంచి చివరి దాకా పల్లానికే వెళ్లాలి, ఆయిల్ పాన్‌లో నూనె మట్టానికి పైన కలవాలి. పెద్ద టర్బో ఎత్తుని నిర్ణయించాల్సింది ఈ డ్రెయిన్ పైపే.

ఏడో పని: గేజులు, మొదటి స్టార్ట్

నాలుగు గేజులు కావాలి: మొత్తం బూస్ట్, రెండు టర్బోల మధ్య పీడనం, మానిఫోల్డ్‌లో పొగ పీడనం, చిన్న టర్బోకి ముందు పొగ వేడి. ట్రైలర్‌తో నిలకడగా వెళ్లేటప్పుడు 1250 ఫారెన్‌హీట్, అంటే సుమారు 680 సెల్సియస్ నా హద్దు.

స్టార్ట్ చేసే ముందు రెండు టర్బోల్లోనూ శుభ్రమైన ఆయిల్ పోయండి. ఫ్యూయల్ షటాఫ్ సోలినాయిడ్ (డీజిల్‌ని ఆపే కరెంటు మీట) ప్లగ్ తీసి, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. పక్కన ఒక మందపాటి చెక్క పలక ఉంచుకోండి. డీజిల్ ఇంజన్ ఆయిల్ తాగి ఆగకుండా పరుగెత్తితే గాలి నోరు దానితోనే మూయాలి, చేత్తో ఎప్పుడూ వద్దు.

తర్వాత ట్రైలర్ లేకుండా ఒక వారం తిప్పి అంకెలు రాసుకోండి. బూస్ట్ 50 ఉన్నప్పుడు పొగ పీడనం 65 దాకా ఉంటే బాగుంది. 90 ఉంటే పొగ చిన్న టర్బైన్ దగ్గర ఇరుక్కుంటోంది, వేస్ట్‌గేట్ ముందే తెరుచుకోవాలి. మధ్య గేజ్ 16 బదులు 8 చూపిస్తోందా? అప్పుడు చిన్నది ఒక్కతే 2.85 రెట్లు నొక్కుతోంది, పెద్దది తిని కూర్చుంది. దానికీ వేస్ట్‌గేట్ సర్దుబాటే మొదటి మందు. అప్పటికీ లేవకపోతే పెద్దదాని టర్బైన్ హౌసింగ్ (చక్రం చుట్టూ ఉండే గుల్ల) చిన్నది వేయాలి.

500 మైళ్లు తిరిగాక ఇంజన్ చల్లారనిచ్చి క్లాంపులన్నీ మళ్లీ బిగించండి. ఆయిల్ మార్చి, పాత ఫిల్టర్‌ని కోసి కాగితపు మడతల్లో లోహపు రజను ఉందేమో వెలుతురులో పెట్టి చూడండి.