పక్కింటి కారు అలారం రాత్రంతా మోగుతుంటే ఏ సెక్షన్ పనికొస్తుంది?

ఆగి ఉన్న కారు అలారం మోగితే చలానా రాయించాలని చాలామంది ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి పోతారు. అది తేలే పని కాదు. మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద అనవసర హారన్‌కు మొదటిసారి 1,000, తర్వాత 2,000 రూపాయలు పడతాయి గానీ, అది బండి నడిపేవాళ్లకే. శబ్ద కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 దాకా జరిమానా వేసే 190(2) కూడా రోడ్డుమీద నడిచే బండికే.

పట్టుకోవాల్సింది పబ్లిక్ న్యూసెన్స్‌ని. భారతీయ న్యాయ సంహిత 292 కింద జరిమానా 1,000 దాకానే, కారున్నవాడికి అదొక లెక్క కాదు. ఆపించే బలం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 152ది. దాని కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుగా ఆర్డీవో ఆదేశం ఇవ్వొచ్చు. మళ్లీ జరగకూడదని మేజిస్ట్రేటు నిషేధించాక కూడా మోగితే న్యాయ సంహిత 293 వర్తిస్తుంది: ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

ఒక్కరే సంతకం పెడితే అర్జీకి బలం తగ్గుతుంది, ఎందుకంటే న్యూసెన్స్ అంటే చుట్టుపక్కల జనానికి కలిగే ఇబ్బంది. నాలుగైదు ఇళ్లవాళ్లతో సంతకాలు పెట్టించండి. నంబరు ప్లేటు, మోత రెండూ వచ్చేలా వీడియో తీసి, ఎప్పుడు మొదలైంది, ఎన్ని నిమిషాలు మోగింది రాసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్యవైతే బలం ఎక్కువ. ఆ వేళల్లో నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్. కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట్ల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ 40. ఫోన్ యాప్ చూపిన డెసిబెల్ అంకెను మాత్రం అర్జీలో రాయొద్దు, కొలతే తప్పని ఎదుటివాళ్లు కొట్టిపారేస్తారు. మోగుతుండగానే 112కి ఫోన్ చేయండి. తెల్లారాక స్టేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే ఆర్డీవో ఆఫీసు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. విసుగొచ్చి అద్దం పగలగొట్టారో, న్యాయ సంహిత 324 కింద కేసు మీ మీదే పడుతుంది.

కారు మీదైతే ముందు బ్యాటరీ చూపించండి, వోల్టేజీ పడిపోయినా అలారం మోగుతుంది. బానెట్ స్విచ్‌లో దుమ్ము చేరినా అంతే. బయట బిగించిన అలారమైతే షాక్ సెన్సార్ స్క్రూ కొంచెం తగ్గించండి, లారీ పోయిన ప్రతిసారీ అరవదు. బ్యాటరీ నెగటివ్ వైరు పీకి ఆపుదామంటే, సొంత బ్యాటరీ ఉన్న సైరన్లు ఆగవు సరికదా, అప్పుడే మొదలెడతాయి.