దసరా సేల్ మొదలవక ముందే: క్యాష్‌బ్యాక్, ట్రావెల్ పాయింట్ల కోసం కార్డు తీసేవాళ్లకు జాగ్రత్తలు

ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్ అయినా, అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ అయినా ఏటా బతుకమ్మ, దసరా రోజుల చుట్టూనే దిగుతాయి. ఫ్రిజ్ పాతబడిందనో, పిల్లాడికి లాప్‌టాప్ కావాలనో నెలల తరబడి ఆగిన ఇళ్లు హైదరాబాద్‌లో చాలా ఉంటాయి. అలా ఆగి, సరైన క్రెడిట్ కార్డుతో కొంటే నిజంగానే నాలుగు డబ్బులు మిగులుతాయి. పాయింట్లు పోగేసుకుంటే సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ ఖర్చు కొంత తగ్గుతుంది. కానీ అర్ధరాత్రి సేల్ తెరుచుకుని, తెర మీద గడియారం వెనక్కి పరిగెడుతుంటే షరతులు చదివే ఓపిక ఎవరికీ ఉండదు. చదవాల్సినవి, లెక్క వేయాల్సినవి ఈ వారమే చేసి పెట్టుకోండి.

మొదటి లెక్క బిల్లుది. 40,000 రూపాయల ఫోన్ మీద ‘10 శాతం తగ్గింపు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘గరిష్ఠంగా 1,500’ అని ఉంటుంది. అంటే దక్కేది 10 శాతం కాదు, 4 శాతం కూడా కాదు. సరే, ఆ 1,500 మిగిలాయనే అనుకుందాం. బిల్లు 38,500 వచ్చింది. జీతంలో అంత సర్దుబాటు కాక మినిమమ్ డ్యూ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) 5 శాతం, అంటే 1,925 కట్టి ఊరుకున్నారు. మిగిలిన 36,575 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 1,280, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 230. వెరసి 1,510. సేల్‌లో వచ్చిన తగ్గింపు ఒక్క నెలలో పోయింది, పైన పది రూపాయలు చేతి నుంచి పడ్డాయి. అసలు పడేది ఇంకా ఎక్కువే, ఎందుకంటే బాకీ ఉంచితే వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి లెక్కగడతారు. ఆ బాకీ తీరేదాకా కొత్తగా కొన్న సరుకుల మీద కూడా వడ్డీ లేని గడువు ఉండదు. నెలకు మూడున్నర అంటే ఏడాదికి 42 శాతం. బంగారం తాకట్టు పెట్టినా బ్యాంకులో ఇంత వడ్డీ పడదు.

అందుకే సేల్‌కు ముందు చేయాల్సిన మొదటి పని బ్యాంకు యాప్ తెరిచి ఆటోపే (బిల్లు దానంతటదే కట్టే ఏర్పాటు) ఎలా పెట్టి ఉందో చూడటం. ‘మినిమమ్ డ్యూ’ అని ఉంటే ‘టోటల్ డ్యూ’కి మార్చండి. పాత బాకీ ఉన్న కార్డును ఈ సేల్‌లో అసలు వాడకండి, దాని మీద ఎంత క్యాష్‌బ్యాక్ ఇస్తామన్నా సరే. బిల్లు తయారయ్యే తేదీ కూడా చూసుకోండి. ఆ తేదీ దాటిన మర్నాడు కొంటే కట్టడానికి దాదాపు నెలన్నర సమయం దొరుకుతుంది, ముందు రోజు కొంటే రెండు మూడు వారాలే.

అదనపు ఖర్చు లేని కిస్తీలని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ గురించి ఒక మాట. సున్నా వడ్డీ పథకాలు కూడదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. కాబట్టి ఇందులోనూ వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారు, అంతే. ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. అదే 40,000 ఫోన్‌ను 15 శాతం వడ్డీ లెక్కన ఆరు నెలలకు పెడితే వడ్డీ 1,700 దాకా, దాని మీద జీఎస్టీ 300 పైచిలుకు. 199 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు, దాని పన్ను కలిపితే మొత్తం 540 వరకు అవుతుంది. అది మోసం కాదు, కానీ ఉచితమూ కాదు. పైగా చాలా కార్డుల్లో ఈఎంఐ పెట్టిన కొనుగోలుకు రివార్డ్ పాయింట్లు రావు. పాయింట్ల కోసమే ఆ కార్డు తీసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ధర విషయంలో తెరను ఒక్కదాన్నే నమ్మొద్దు. కొనాలనుకున్న మోడల్ ధరను ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లాప్‌టాప్ అయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, ఫోన్ అయితే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒకసారి అడిగి రండి. అక్కడ బిల్లుతో సహా చెప్పే ధర కొన్నిసార్లు ఆఫర్లన్నీ పోగా వచ్చే ధరకు దగ్గరగానే ఉంటుంది. అప్పుడు పాయింట్ల కోసం తాపత్రయపడాల్సిన పనే లేదు.

దొంగలకు కూడా ఇదే సీజన్

ఈ భాగం ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. సేల్ రోజుల్లో ‘మీ 9,850 రివార్డ్ పాయింట్లు ఈ రాత్రితో ఎక్స్‌పైర్ అవుతున్నాయి, ఈ యాప్ వేసుకుని నగదుగా మార్చుకోండి’ అనే రకం మెసేజ్‌లు వాట్సాప్ నిండా తిరుగుతాయి. కింద ఒక ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో నేరుగా యాప్ వేసే ఫైల్, ఉంటుంది. స్టేట్ బ్యాంక్ రివార్డుల పేరుతో ఇలాంటివి ఎంతగా వచ్చాయంటే, లింకులు గానీ ఏపీకేలు గానీ ఎస్సెమ్మెస్‌లో, వాట్సాప్‌లో తాము పంపమని ఆ బ్యాంకే ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. ఆ ఫైల్ వేసుకుని, అది అడిగిన అనుమతులన్నీ ఇస్తే మీ ఫోన్‌కు వచ్చే ఎస్సెమ్మెస్‌లు అవతలివాడికి చేరతాయి. ఇక ఓటీపీ మీరు నోటితో చెప్పక్కర్లేదు. ఈ మెసేజ్ పంపేది తెలిసినవాళ్ల నంబరే కావచ్చు, కాలనీ గ్రూపులోనే రావచ్చు. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది కాబట్టి, ఎవరు పంపారన్నది చూసి నమ్మే రోజులు పోయాయి.

పాయింట్లు నిజంగా ఉన్నాయో లేవో చూడాలంటే ఒకటే దారి: బ్యాంకు యాప్‌ను మీరే తెరిచి చూసుకోవడం. వెబ్‌సైట్‌లో చూసేవాళ్లు చిరునామా చివర గమనించండి. మన బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబర్ చివరికల్లా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. బ్యాంకు నుంచి సర్వీసు కాల్ వస్తే అది 1600తో మొదలయ్యే నంబరు నుంచి రావాలి. మామూలు పది అంకెల నంబరు నుంచి ఫోన్ చేసి ‘మీ కార్డుకు క్యాష్‌బ్యాక్ మంజూరైంది సార్, యూపీఐ పిన్ కొట్టండి’ అంటే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

కార్డు సెట్టింగుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపి ఉంచండి. విదేశాలకు వెళ్లేటప్పుడు తెరుచుకోవచ్చు. ఆన్‌లైన్ లిమిట్‌ను కూడా సేల్‌లో మీరు పెట్టాలనుకున్న ఖర్చు వరకే ఉంచండి. ఈ మీటలు ఖాతాదారు చేతిలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2020లో నిబంధన పెట్టింది. వాడేవాళ్లు తక్కువ, అదే నాకు బాధ.

ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోవద్దు, సిగ్గుపడొద్దు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించాలి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఆగి ఉండగానే ఫిర్యాదు అందితే దాన్ని స్తంభింపజేసే వీలుంటుంది. తెల్లారాక వెళ్దాంలే అనుకుంటే ఆ డబ్బు చేతులు మారిపోతుంది. రిజర్వ్ బ్యాంక్ 2017లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే భారం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన డబ్బు నష్టం మీది, తెలిపాక పోయిన డబ్బు నష్టం బ్యాంకుది. అంటే ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

‘అన్నా, నీ కార్డు మీద ఆఫర్ ఉందట కదా’

ఈ ఫోన్ ప్రతి ఇంటికీ వస్తుంది. ‘ఒక్క ఫోన్ బుక్ చెయ్యన్నా, పైసలు ఇప్పుడే ఫోన్‌పే కొడతా.’ తోబుట్టువులకు, దగ్గరి స్నేహితులకు ఒకటి కొనిపెట్టడం వేరు, డబ్బు ముందే తీసుకుని చేయండి. కానీ ఈఎంఐ మీద కొనిపెట్టొద్దు. నెలనెలా అడగలేక బంధుత్వం చెడుతుంది, ఒక కిస్తీ ఆగినా సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తారో చెప్పే మార్కు) దెబ్బతినేది మీకే. ఇక ‘మీరు ఆర్డర్ పెట్టండి, సరుకు మాకు పంపండి, ఒక్కో ఫోన్‌కు ఇంత కమిషన్’ అనే టెలిగ్రామ్ గ్రూపుల జోలికి వెళ్లకండి. కార్డును వ్యాపార కొనుగోళ్లకు వాడితే పాయింట్లు రద్దుచేసే హక్కు బ్యాంకులు షరతుల్లో రాసుకుంటాయి. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు చేరితే, వాటికి నగదుగా కట్టినది లక్ష చేరినా, ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. మీ జీతానికి పొంతన లేని ఖర్చుకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే, గ్రూపు నడిపేవాడు కాదు.

క్యాష్‌బ్యాక్ సైట్లు, యాప్‌ల ద్వారా కొనేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. మీరు వాళ్ల లింకు ద్వారా వెళ్లి కొన్నట్టు నమోదైతేనే ఆ దుకాణం వాళ్లకు కమిషన్ ఇస్తుంది, అందులో కొంత మీకు పంచుతారు. మధ్యలో ఇంకో కూపన్ సైట్ తెరిచినా, ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఉన్నా ఆ నమోదు తెగిపోతుంది. కార్ట్ ఖాళీ చేసుకుని, లింకు నొక్కి, అదే వరుసలో కొనేయండి. రిటర్న్ గడువు ముగిసేదాకా ఆ డబ్బు ‘పెండింగ్’లోనే ఉంటుంది, రెండు మూడు నెలలు పట్టడం మామూలే. దాన్ని దీపావళి ఖర్చులో లెక్క వేసుకోవద్దు.

పాయింట్లు దాచుకోవడానికి కావు

విమాన పాయింట్లను బ్యాంకు డిపాజిట్‌లా భావించేవాళ్లకు రెండు సంగతులు గుర్తు చేయాలి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఎగరడం ఆగిపోయింది. మైళ్లు (విమాన ప్రయాణ పాయింట్లు) ఖాతాల్లో ఉన్నాయి, వాటితో ఎక్కాల్సిన జెట్ విమానాలే లేవు. 2024 నవంబర్ 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. సభ్యుల పాయింట్లు ఎయిర్ ఇండియా పథకానికి బదిలీ అయ్యాయి, కానీ విస్తారాను చూసి కార్డు తీసుకున్నవాళ్ల లెక్కలన్నీ మారిపోయాయి. పాయింట్లకు వడ్డీ రాదు, బీమా లేదు, వాటి విలువను మార్చే హక్కు కంపెనీదే. ఏడాదిలోపు ఏ ప్రయాణానికి వాడతారో తెలిసినన్నే పోగేయండి. ఎక్కడికీ వెళ్లే ఆలోచన లేనివాళ్లకు నేరుగా బిల్లులో తగ్గే క్యాష్‌బ్యాక్ కార్డే మేలని నా గట్టి అభిప్రాయం.

కార్డు ఎంచుకునే ముందు పాయింటుకు పైసలెన్నో చూడండి. చాలా కార్డుల్లో ఒక పాయింటు విలువ 20, 25 పైసల దగ్గరే ఉంటుంది. ‘10,000 బోనస్ పాయింట్లు’ అంటే పావలా లెక్కన 2,500 రూపాయలు. వార్షిక ఫీజు, దాని మీద జీఎస్టీ తీసేస్తే ఎంత మిగిలిందో చూడండి. అద్దె, వాలెట్ లోడింగ్, పెట్రోలు వంటివాటికి చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో లాంజ్ (విశ్రాంతి గది) ఉచితమని కార్డు తీసుకున్నవాళ్లు, గత మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలన్న షరతు ఉందేమో బయల్దేరే ముందే చూసుకోవాలి.

సంక్రాంతికి వాడాలనుకుంటే తేదీలు ఇప్పుడే రాసి పెట్టుకోండి. 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంటే జనవరి 10, 12 తేదీల ప్రయాణాలకు నవంబర్ రెండో వారం. విశాఖ, రాజమండ్రి వైపు బెర్తులు ఎంత త్వరగా నిండుతాయో మనకు తెలిసిందే. దసరా సేల్‌లో కొన్నదానికి పాయింట్లు తర్వాతి స్టేట్‌మెంట్లలో జమ అవుతాయి, అప్పటికి బుకింగ్ తెరుచుకుని ఉండొచ్చు. పాయింట్ల కోసం ఎదురుచూస్తూ టికెట్ పోగొట్టుకోవద్దు. ముందు డబ్బుతో బుక్ చేసి, పాయింట్లను తిరుగు ప్రయాణానికి వాడండి.

సరుకు వచ్చాక పెట్టె విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినవాళ్లే మీ ముందు పెట్టె విప్పడం) అయితే లోపలి వస్తువు చూశాకే ఓటీపీ చెప్పాలి. వస్తువు వెనక్కి పంపితే దాని మీద వచ్చిన పాయింట్లు, క్యాష్‌బ్యాక్ వెనక్కి తీసుకుంటారు. రీఫండ్ బిల్లు గడువు దాటాక వస్తే గడువులోపు పూర్తి బిల్లు కట్టేయాల్సిందే, రీఫండ్ తర్వాత సర్దుబాటవుతుంది. తప్పుడు సరుకు పంపి దుకాణం తిప్పించుకుంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పొచ్చు. ఆఫర్ పేజీ, బిల్లు, వీడియో మూడూ అప్పటికి మీ దగ్గర ఉండాలి.