సర్వీస్ డాగ్ తెచ్చుకోవాలా? జబ్బు నుంచి తేరుకుంటున్నవాళ్లు ముందే తేల్చుకోవలసినవి

అమెరికాలో చట్టం దృష్టిలో సర్వీస్ డాగ్‌కి ఒకటే అర్థం: వైకల్యం ఉన్న మనిషికి ఫలానా పని చేసిపెట్టేలా శిక్షణ పొందిన కుక్క. వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం 1990లో చేసిన ఏడీఏ చట్టం ప్రకారం దుకాణాలు, హోటళ్లు, ఆసుపత్రులు దాన్ని లోపలికి రానివ్వాలి. పక్కన ఉంటే మనసుకి ధైర్యంగా ఉండే కుక్క ఎమోషనల్ సపోర్ట్ కిందికి వస్తుంది, దానికి ఈ హక్కు లేదు. అందుకని లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు), పాట్స్ (లేచి నిలబడితే గుండె వేగం పెరిగి కళ్లు తిరిగే జబ్బు), ఎంఎస్ (మెదడు, వెన్నుపాముల నరాల జబ్బు), లాంగ్ కోవిడ్ లాంటివాటి నుంచి మెల్లగా తేరుకుంటున్నవాళ్లు మొదట వెతకవలసింది, తమ రోజులో కుక్క చేయగల పని అసలు ఉందా అని.

దానికి నాలుగు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎక్కడెక్కడ చేయి ఆడలేదో అప్పటికప్పుడు రాయండి: టైము, ఏం జరిగింది, ఎవరు సాయం చేశారు, ఎవరూ లేకపోతే ఏం చేశారు. "ఫోన్ కింద పడింది, వంగితే కళ్లు తిరిగాయి, అరగంట అలాగే వదిలేశాను" అన్నంత వివరంగా ఉండాలి. "నీరసంగా ఉంది" అని రాస్తే పనికిరాదు, ఆ నీరసం వల్ల ఆగిన పనేమిటో కావాలి. నెల చివర ప్రతి వాక్యం పక్కనా గుర్తు పెట్టండి: ఇది కుక్క చేయగలదా, పరికరం చేయగలదా, మనిషే చేయాలా?

కింద పడ్డవి తీసివ్వడం, మందుల సంచీ తేవడం, తాడు కట్టిన ఫ్రిజ్ తలుపు లాగి నీళ్ల సీసా అందించడం, లైటు వేయడం, మేజోళ్లు లాగడం, పక్క గదిలో ఉన్నవాళ్లని పిలుచుకురావడం, ఇవన్నీ కుక్క నేర్చుకోగలదు. వంట, స్నానం, ఇన్సూరెన్స్ ఫోన్లు దానివల్ల కావు. ఇక పరికరాల సంగతి: కింద పడ్డవి తీసే గ్రాబర్ కర్ర, స్నానాల స్టూలు, సీటున్న రోలేటర్ (చక్రాల వాకర్), పడిపోతే తనంతట తానే ఫోన్ చేసే వాచీ. ముందు ఇవి కొని రెండు నెలలు వాడి చూడండి. అప్పటికీ నోట్‌బుక్‌లో రోజూ రెండు మూడు పనులు మిగిలిపోతుంటే అప్పుడు కుక్క గురించి ఆలోచించడంలో అర్థం ఉంది.

రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. మొదటిది, ముందుగా హెచ్చరించే కుక్కలు. గుండె వేగం పెరిగేముందో, మూర్ఛ వచ్చేముందో పసిగట్టే కుక్కలు ఉన్నాయంటారు. కానీ ఫలానా కుక్కకి ఆ గుణం వచ్చి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇచ్చి డబ్బు అడిగేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. షుగర్ ఉన్నవాళ్లు కుక్క వచ్చిందని గ్లూకోజ్ సెన్సార్ మానేయకూడదు. రెండోది, కుక్క మీద ఆనుకుని లేవడం. దాని ఎముకలు పూర్తిగా గట్టిపడేవరకు, అంటే పెద్ద జాతులకి సుమారు రెండేళ్లు వచ్చేవరకు, బరువు వేయకూడదు. ఆ తర్వాతైనా తుంటి, మోచేతుల ఎక్స్‌రే బాగుందని వెట్ (పశువైద్యుడు) చెప్పాలి. మనిషి పూర్తి బరువు మోయడానికి కుక్క నడుము పుట్టలేదు. తూలినప్పుడు పట్టు దొరికితే చాలన్నవాళ్లకే ఆ పని సరిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మీ జబ్బు తిరగబెట్టిన అత్యంత చెడ్డ వారాన్ని గుర్తు తెచ్చుకోండి. ఆ వారంలో కూడా కుక్కని రోజుకి మూడు నాలుగు సార్లు బయటికి తీసుకెళ్లాలి, దాని మలం ఎత్తాలి, తిండి పెట్టాలి, అరగంటైనా నడిపించాలి, నేర్చినవి మరిచిపోకుండా పది నిమిషాలు సాధన చేయించాలి. ఆ పని చేసే మనిషి పేరు ఇప్పుడే కాగితం మీద రాయండి. "ఎవరో ఒకరు చూస్తారు" అంటే ఎవరూ చూడరు. మీరు ఆసుపత్రిలో చేరితే కుక్క మీతో గదిలో ఉండవచ్చేమో గానీ, దాన్ని చూసుకునే బాధ్యత అక్కడి సిబ్బందికి లేదు. పేరు రాయలేకపోతే ప్రస్తుతానికి ఆగండి. రాయగలిగితే, తెలిసినవాళ్ల పెద్ద కుక్కని రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని చూడండి. ఏ సలహా కన్నా ఆ రెండు వారాలే నిజం చెబుతాయి.

రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే స్పెషలిస్టుని అడగకుండా ముందుకి వెళ్లకండి. ఆరు నెలల లోపు కుక్కపిల్లలు, విరేచనాలున్న కుక్కలు అలాంటివాళ్లకి మంచివి కావు. పచ్చి మాంసం పెట్టకూడదు, మలం చేతొడుగులతోనే ఎత్తాలి, మందు ఎక్కించడానికి ఒంటికి పెట్టిన పోర్ట్ లేదా ఐవీ లైను దగ్గర నాకనివ్వకూడదు.

తేరుకుంటున్నవాళ్లకి కాలం లెక్క కూడా వేరు. సంస్థ ద్వారా అయితే నిరీక్షణే తరచు రెండు మూడేళ్లు. కుక్కపిల్లని తెచ్చి మీరే తయారుచేసుకుంటే అదీ రెండేళ్లే. ఆపైన అది ఎనిమిదేళ్ల దాకా పనిచేస్తుంది. ఈరోజు ఉన్న అవసరం రెండేళ్ల తర్వాత ఉంటుందా అని డాక్టర్ని సూటిగా అడగండి. జబ్బు ఏ దిక్కుకి వెళ్తోందో ఇంకా తేలని మొదటి సంవత్సరంలో నిర్ణయం తీసుకోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

సొంతంగా శిక్షణ ఇవ్వడం చట్టబద్ధమే, కానీ అలసట జబ్బున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు. మొదటి నెలల్లో కుక్కపిల్ల రాత్రి నిద్ర పోనివ్వదు. పైగా వృత్తి సంస్థలు ఏరి పెంచిన కుక్కల్లో కూడా దాదాపు సగం పనికి కుదరవు. మీ కుక్క కుదరకపోతే దాన్ని పెంపుడు కుక్కగా ఉంచుకుని, ఇంకోదానితో మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందా?

పూర్తి శిక్షణ ఉన్న కుక్క 15,000 నుంచి 50,000 డాలర్ల దాకా పడుతుంది. కాలిఫోర్నియాలో 1975లో మొదలైన కెనైన్ కంపానియన్స్ లాంటి లాభాపేక్ష లేని సంస్థలు అర్హులకి ఉచితంగా ఇస్తాయి. సంస్థని ఎంచుకునేటప్పుడు ఇలాంటి సంస్థల ప్రమాణాలు చూసే అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఈ ఖర్చు ఇవ్వదు. అయితే కొనుగోలు, శిక్షణ, తిండి, వెట్ ఖర్చుల్ని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వైద్య ఖర్చుగా ఒప్పుకుంటుంది. టాక్సు రిటర్న్‌లో ఖర్చుల్ని విడివిడిగా చూపిస్తే (ఐటమైజ్ చేస్తే), ఏజీఐలో, అంటే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో, 7.5 శాతం దాటిన ఖర్చు పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే రిజిస్ట్రేషన్ కార్డులకి మాత్రం ఒక్క డాలరు పెట్టకండి. ఏడీఏ ఏ రిజిస్ట్రేషనూ అడగదు. దుకాణంవాళ్లు అడగగలిగినవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు? కుక్క అదుపు తప్పినా, లోపల మలమూత్రాలు చేసినా బయటికి పంపే హక్కు వాళ్లకి ఉంది.

అద్దె ఇంట్లో పెట్ డిపాజిట్ అడగకూడదు, కానీ పాడైన కార్పెట్‌కి వసూలు చేయవచ్చు. ఆఫీసు దారి వేరు: పదిహేను మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉద్యోగులున్న కంపెనీలో ముందు హెచ్ఆర్‌ని అకామడేషన్ (వైకల్యానికి తగ్గ సదుపాయం) అడగాలి, వాళ్లు డాక్టరు పత్రం కోరవచ్చు.

అమెరికాలోని మన ఇళ్లలో వచ్చే చిక్కులు ఇంకోరకం. మతసంస్థలకి ఏడీఏ వర్తించదు, అంటే గుడివాళ్లు కుక్కని వద్దంటే ఆ చట్టం అడ్డురాదు. ముందే కమిటీతో మాట్లాడండి. ఆరునెలలు ఉండడానికి వచ్చే అమ్మానాన్నలకి కుక్క భయమో, మడి పట్టింపో ఉంటే, పూజగది గడప దాటకుండా ఉండడం కుక్కకి మొదటి నెలలోనే నేర్పించవచ్చు. కానీ పెద్దవాళ్లని ఒప్పించే మాటలు కుక్క ఇంటికి రాకముందే జరగాలి.

ఇండియా ప్రయాణం దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. విమానానికి 48 గంటల ముందే డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ఫారం ఇమ్మని ఎయిర్‌లైన్ అడగవచ్చు. ఎనిమిది గంటలు దాటే ప్రయాణానికి మలమూత్రాల గురించి ఇంకో ఫారం ఉంటుంది. తిరిగి రావడం ఇంకా కష్టం: రేబిస్ విషయంలో ఇండియా సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) హై రిస్క్ జాబితాలో ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి మైక్రోచిప్, ఆరు నెలల వయసు తప్పనిసరి. అమెరికాలో వేయించిన రేబిస్ టీకాకి ధ్రువీకరణ పత్రం బయల్దేరకముందే చేయించుకోవాలి. ఊరెళ్లాక, ఏడీఏలా కుక్కని ప్రతిచోటికీ రానివ్వాలన్న చట్టం అక్కడ అండగా ఉండదు. ఏటా ఊరు వెళ్లేవాళ్లు ఆ నెలరోజులు కుక్క ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

ఇవన్నీ దాటి అవుననుకుంటే, దరఖాస్తులో జబ్బు చరిత్ర మూడు వాక్యాల్లో ముగించి, మిగతా చోటంతా నోట్‌బుక్‌లోని పనులతో నింపండి: రోజుకి ఎన్నిసార్లు, ఏ గదిలో, ఎంత బరువున్న వస్తువు. శిక్షకులు మీకు కుక్కని జతచేసేది ఆ వివరాల్ని బట్టే.