మాడ్యూల్ మార్చి రీలోడ్ చేసినా పాత కోడే నడుస్తోందా? ఇంజిన్‌ఎక్స్ మాడ్యూళ్ల సమస్యలు, పరిష్కారాలు

ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ కోసం నేను రాసి ఓపెన్ సోర్స్‌గా పెట్టిన మాడ్యూల్ (సర్వర్‌కి అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రాం) ఒకటి భీమవరం, ఉండి, ఆకివీడు వైపు కొన్ని రొయ్యల చెరువుల దగ్గర నడుస్తోంది. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు పంపే ప్రతి రీడింగు మీదా డిజిటల్ సంతకం సరిచూడటమే దాని పని. సరిపోతే లోపలికి, లేదంటే 403, అంటే ప్రవేశం లేదన్న జవాబు. సీ భాషలో కొన్ని వందల లైన్లు, అంతే. దాన్ని వాడేవాళ్లూ, దాన్ని చూసి సొంతంగా మాడ్యూల్ రాసుకుంటున్న కుర్రాళ్లూ అడిగేవి ఎప్పుడూ ఈ నాలుగైదు ప్రశ్నలే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. కంపైల్ చేయడం, కాన్ఫిగ్ మార్చడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

దేనికైనా ముందు ఎర్రర్ లాగ్ తెరవండి. "లాగ్‌లో ఏముందండీ?" అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు. ఇంజిన్‌ఎక్స్ తన బాధేంటో చాలా స్పష్టంగా చెప్పే సర్వర్. జవాబు ఆ లైన్లోనే ఉంటే, అది వదిలేసి రాత్రంతా కోడ్ తవ్వుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సమస్య: సర్వర్ లేవట్లేదు, లాగ్‌లో "వెర్షన్ 1018000 ఇన్‌స్టెడ్ ఆఫ్ 1024000" అని ఉంది

మొదటి అంకె మీ .ఎస్‌ఓ ఫైల్‌ది (కంపైల్ చేసిన మాడ్యూల్), రెండోది సర్వర్‌ది. అంటే 1.18.0 కోసం కట్టిన మాడ్యూల్‌ని తెచ్చి 1.24.0లో పెట్టారు. ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారినవాళ్లకి సరిగ్గా ఈ అంకెలే కనిపిస్తాయి. ఇంజిన్‌ఎక్స్‌కి క్యాపిటల్ వి ఆప్షన్ ఇచ్చి వెర్షన్ చూడండి. అదే వెర్షన్ సోర్స్ దించుకుని, విత్-కంపాట్ ఆప్షన్‌తో కాన్ఫిగర్ చేసి, మేక్ మాడ్యూల్స్ కొట్టండి. దగ్గర్లో ఉన్న వెర్షన్ చాలదు, చివరి అంకె కూడా కలవాలి.

వెర్షన్ కలిసినా "నాట్ బైనరీ కంపాటిబుల్" అంటే మీరు విత్-కంపాట్ మరిచిపోయారు. ప్రతి మాడ్యూల్‌లోనూ అది ఏయే ఆప్షన్లతో కట్టారో తెలిపే సున్నాలూ ఒకట్లూ ఉన్న వరుస ఒకటి ఉంటుంది. సర్వర్‌లోని వరుసతో అది అక్షరం తేడా లేకుండా కలవాలి. డైనమిక్ మాడ్యూళ్లు 2016 ఫిబ్రవరిలో 1.9.11తో వచ్చాయి. విత్-కంపాట్ అదే ఏడాది 1.11.5లో వచ్చింది. ఆ మధ్య నెలల్లో సర్వర్ కట్టిన ఆప్షన్లన్నీ కాపీ చేసుకుని కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవస్థ లేదు, ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలు కూడా ఈ ఆప్షన్‌తోనే వస్తున్నాయి.

సమస్య: "అన్‌నోన్ డైరెక్టివ్"

లోడ్ మాడ్యూల్ లైన్ లేదు. లేదా ఉన్న ఫైల్‌ని మెయిన్ కాన్ఫిగ్ కలుపుకోవట్లేదు. డెబియన్, ఉబుంటుల్లో మాడ్యూల్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో సింలింక్ ఉందో లేదో చూడండి. "స్పెసిఫైడ్ టూ లేట్" అంటే ఆ లైన్‌ని ఈవెంట్స్ బ్లాక్ కంటే పైకి జరపండి. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

సమస్య: కొత్త .ఎస్‌ఓ పెట్టాను, రీలోడ్ చేశాను, పాత బగ్ అలాగే ఉంది

ఇంకో రూపంలోనూ వస్తుంది: "వారం రోజులు బాగానే నడిచింది, కరెంటు పోయి వచ్చాక పడిపోయింది." రెండూ ఒకటే జబ్బు. దీని దెబ్బ నేను గట్టిగా తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా మాడ్యూల్ ఒకే సంతకాన్ని రెండుసార్లు లెక్కించేది: యాక్సెస్ దశలో (రిక్వెస్ట్‌ని లోపలికి రానివ్వాలా అని తేల్చే దశ) ఒకసారి, జవాబుకి హెడర్ జోడించేటప్పుడు మరోసారి. మొదటి ఫలితాన్ని రిక్వెస్ట్ కాంటెక్స్ట్‌లో (ఒక్కో రిక్వెస్ట్‌కి మాడ్యూల్ తన లెక్కలు దాచుకునే చోటు) దాచుకుని, రెండోసారి దాన్నే వాడుకునేలా మార్చాను. బయటికి కనిపించే తేడా ఏమీ లేదు. ఫైల్ మార్చి, కాన్ఫిగ్‌ని సరిచూసే చిన్న అక్షరం టీ ఆప్షన్‌తో పరీక్షిస్తే "సక్సెస్‌ఫుల్" అంది. రీలోడ్ చేశాను. సరైన సంతకంతో పంపితే లోపలికి వెళ్లింది, తప్పు సంతకంతో పంపితే 403 వచ్చింది. సంతోషంగా ఇంటికి వచ్చేశాను.

పదకొండు రోజుల తర్వాత, ఉండి దగ్గర సర్వర్ ఉన్న ఒక చెరువుల షెడ్డులో రాత్రి కరెంటు పోయి రెండున్నరకి వచ్చింది. నాలుగింటికి రైతు గారి ఫోన్: "బాబూ, డీవో ఏమీ చూపించడం లేదు. ఏరియేటర్లన్నీ వేయించెయ్యమంటావా?" డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఏరియేటర్లు అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోయేది తెల్లవారే ముందే. వేయించెయ్యమన్నాను. ఆయన గట్టు మీద టార్చి పట్టుకుని, రొయ్యలు అంచుకి వస్తున్నాయేమో చూసుకుంటూ నడుస్తుంటే, నేను ఫోన్ చెవిన పెట్టుకుని ఇక్కడ లాగ్ చూస్తున్నాను. పేజీ నిండా ఒకటే లైను: "వర్కర్ ప్రాసెస్ ఎగ్జిటెడ్ ఆన్ సిగ్నల్ 11". సిగ్నల్ 11 అంటే తాకకూడని మెమరీని తాకి చావడం. చచ్చిన వర్కర్ (రిక్వెస్టులకి జవాబిచ్చే ప్రాసెస్) స్థానంలో మాస్టర్ (వర్కర్లని నడిపే ప్రాసెస్) ఇంకొకదాన్ని లేపుతోంది, మరుక్షణం అదీ చస్తోంది.

జరిగిందేమిటంటే, ఆ పదకొండు రోజులూ నా కొత్త కోడ్ ఒక్క క్షణం కూడా నడవలేదు. నేను పరీక్షించింది పాత కోడ్‌ని. కరెంటు పోయి సర్వర్ మొదటి నుంచి లేచినప్పుడే కొత్తది నడిచింది.

ఇంజిన్‌ఎక్స్ మాడ్యూల్‌ని డీఎల్‌ఓపెన్ అనే సిస్టమ్ ఫంక్షన్‌తో తెరుస్తుంది. రీలోడ్ అంటే మాస్టర్ ప్రాసెస్ చచ్చి మళ్లీ లేవడం కాదు. అదే మాస్టర్ కొత్త కాన్ఫిగ్ చదువుకుని కొత్త వర్కర్లని పుట్టిస్తుంది. అలా చదివేటప్పుడు పాత కాన్ఫిగ్ ఇంకా బతికే ఉంటుంది, పాత మాడ్యూల్ తెరిచే ఉంటుంది. అదే దారి, అదే పేరుతో మళ్లీ తెరవమంటే డీఎల్‌ఓపెన్ డిస్క్ వైపు చూడదు. మెమరీలో ఉన్నదాన్నే ఇచ్చి, వాడుకునేవాళ్ల లెక్క ఒకటి పెంచుతుంది. తర్వాత పాత కాన్ఫిగ్ పోయినప్పుడు లెక్క ఒకటి తగ్గుతుంది గానీ సున్నా కాదు. కాబట్టి మాడ్యూల్ ఎన్నటికీ దిగదు. ఎన్నిసార్లు రీలోడ్ కొట్టినా అంతే.

ఇక చిన్న టీ పరీక్ష మనల్ని ఎలా మోసం చేస్తుందో చూడండి. అది వేరే ప్రాసెస్. డిస్క్ మీద ఉన్న కొత్త ఫైల్‌ని శుభ్రంగా తెరిచి "అంతా బాగుంది" అంటుంది. అది చెప్పింది కొత్త ఫైల్ గురించి, నడుస్తున్నది పాతది.

నిర్ధారించుకోవడం చాలా తేలిక. పీఎస్ కమాండ్‌లో ఎల్‌స్టార్ట్ కాలమ్ అడిగి మాస్టర్ ఎప్పుడు మొదలైందో చూడండి. .ఎస్‌ఓ ఫైల్ తేదీ అంతకంటే తర్వాతిదైతే, నడుస్తున్నది పాత కోడే. అంతే, పది సెకన్ల పని. ఇంకో సాక్ష్యం కావాలంటే ప్రాక్ కింద మాస్టర్ పీఐడీ ఫోల్డర్‌లో మ్యాప్స్ ఫైల్ తెరవండి. మీ మాడ్యూల్ పేరు పక్కన "డిలీటెడ్" అని ఉంటే, తీసేసిన పాత ఫైల్ ఇంకా మెమరీలో ఉందన్నమాట. నేనైతే ఆ రోజు నుంచి మాడ్యూల్ వెర్షన్‌ని సోర్స్‌లోనే రాసి, కాన్ఫిగ్ చదివిన ప్రతిసారీ లాగ్‌లో అచ్చయ్యేలా పెట్టాను. మీ మాడ్యూల్‌లోనూ పెట్టండి.

పరిష్కారం: మాడ్యూల్ ఫైల్ మార్చినప్పుడు రీలోడ్ కాదు, రీస్టార్ట్ చేయండి. కనెక్షన్లు తెగకూడదంటే మాస్టర్‌కి యూఎస్‌ఆర్2 సిగ్నల్ ఇవ్వండి. పాతది నడుస్తుండగానే కొత్త మాస్టర్ మొదటి నుంచి లేస్తుంది, కొత్త ఫైలే తెరుస్తుంది. రెండిటినీ చూసుకున్నాక పాత మాస్టర్‌కి వించ్ (వర్కర్లని ఆపమని), తర్వాత క్విట్ (తానూ ముగియమని) సిగ్నల్ ఇవ్వండి. ఫైల్ పేరులో వెర్షన్ చేర్చి, కాన్ఫిగ్‌లో దారి మార్చి రీలోడ్ చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. కొత్త ఫైల్ తెరుచుకుంటుంది, నిజమే. కానీ ఇంజిన్‌ఎక్స్ మాడ్యూల్ సింబల్స్‌ని (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) ప్రాసెస్ అంతటికీ కనిపించేలా తెరుస్తుంది. పాతది ఇంకా దిగకముందే కొత్తది వస్తే, కొత్త కోడ్ వెతికే పేరు పాతదానికి ముడిపడొచ్చు. ఆ దారి వద్దు.

ఫైల్ మార్చే పద్ధతిలో ఇంకో గుంట ఉంది. నడుస్తున్న .ఎస్‌ఓ మీద సీపీతో నేరుగా కాపీ చేయకండి. సీపీ పాత ఫైల్‌ని ఖాళీ చేసి అందులోనే కొత్తది రాస్తుంది. వర్కర్లు అదే ఫైల్ నుంచి కోడ్ చదువుకుంటూ ఉంటాయి, కూర్చున్న కొమ్మని నరికినట్టే అవుతుంది. సిగ్నల్ 11, ఒక్కోసారి సిగ్నల్ 7. అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి ఎమ్‌వీతో పేరు మార్చండి, లేదా ఇన్‌స్టాల్ కమాండ్ వాడండి. అప్పుడు పాత ఫైల్ దాన్ని వాడేవాళ్లకి మిగిలే ఉంటుంది.

సమస్య: సిగ్నల్ 11

ముందు పైన చెప్పిన సీపీ సంగతి చూసుకోండి. అది కాకపోతే కోర్ ఫైల్ (చచ్చినప్పటి మెమరీ నకలు) తీసి జీడీబీ డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్‌లో చచ్చిందో చూపే జాబితా) చూడండి. ఆ రాత్రి నాకు దొరికింది ఇది: కరెంటు వచ్చాక సెన్సర్లు లేచేసరికి ఇంటర్నెట్ ఇంకా రాలేదు, వాటి గడియారాలు 1970 దగ్గరే ఉండిపోయాయి. సంతకంలో సమయం కూడా కలుస్తుంది. దాంతో ప్రతి సంతకమూ తప్పే, ప్రతిదానికీ 403. కాన్ఫిగ్‌లో 403కి ఎర్రర్ పేజీ ఉంది. ఎర్రర్ పేజీ అంటే లోపల్లోపలే ఇంకో అడ్రస్‌కి దారి మళ్లించడం. అలా మళ్లించేటప్పుడు ఇంజిన్‌ఎక్స్ అన్ని మాడ్యూళ్ల కాంటెక్స్ట్‌లనీ సున్నా చేసేస్తుంది. నేను దాచుకున్న ఫలితం పోయింది, నా హెడర్ ఫిల్టర్ నల్ పాయింటర్‌ని చదివింది. ఇండెక్స్, ట్రై ఫైల్స్ కూడా ఇలాగే మళ్లిస్తాయి. కాంటెక్స్ట్ తీసుకున్న ప్రతిచోటా నల్ అవునో కాదో చూడండి, ఒక్కచోట కూడా వదలకండి.

తర్వాత ఎక్కువగా కనిపించేది ఇంజిన్‌ఎక్స్ స్ట్రింగ్‌ని మామూలు సీ స్ట్రింగ్ అనుకోవడం. దాని చివర సున్నా ఉంటుందన్న హామీ లేదు, పొడవు విడిగా ఉంటుంది. లాగ్‌లో రాసేటప్పుడు పర్సెంట్ ఎస్ కాదు, పర్సెంట్ క్యాపిటల్ వి.

సమస్య: లోడ్ అయింది, కానీ నా హ్యాండ్లర్‌ని పిలవట్లేదు

ఆ లొకేషన్‌లో రిటర్న్ లైన్ ఉందేమో చూడండి. రిటర్న్ రీరైట్ దశలోనే పని ముగించేస్తుంది, యాక్సెస్ దశ దాకా రాదు. పరీక్ష కోసం "రిటర్న్ 200" పెట్టుకుని మాడ్యూల్ పనిచేయట్లేదని ఫోన్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని తీసేసి, ఒక మామూలు ఫైల్‌తో పరీక్షించండి.

మిగతావి అరుదు. "రాంగ్ ఎల్ఫ్ క్లాస్" అంటే 32 బిట్ మెషీన్‌లో కట్టింది 64 బిట్‌లో పెట్టారు, లేదా అటుది ఇటు. చెరువు దగ్గర రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉంటే ఆఫీసు కంప్యూటర్లో కట్టిన ఫైల్ అక్కడ నడవదు, అక్కడే కట్టండి. రెడ్‌హ్యాట్ రకం సిస్టమ్‌లలో "పర్మిషన్ డినైడ్" వస్తే సెలినక్స్ (ఆ సిస్టమ్‌ల భద్రతా వ్యవస్థ) ఆ ఫైల్‌కి పెట్టిన లేబుల్ చూడండి.