కొమ్ము పిడి చాకు: బీట, వంకర, తెల్లమచ్చ, పురుగు... దేనికి ఏం చెయ్యాలి

కొమ్ము పిడికి ఏ ప్రాబ్లం వచ్చిందని అడిగినా "నూనె రాయండి" అనేస్తారు. నూనె కొన్నిటికే పనికొస్తుంది, ఎందుకంటే కొమ్ము అని అమ్మేవన్నీ ఒకటే సరుకు కాదు. గేదె, ఆవు, పొట్టేలు కొమ్ములు మన గోళ్ళలో ఉండే కెరటినే, బయట తొడుగులా ఉంటుంది, లోపల ఎముక. దుప్పి, ఎల్క్ కొమ్ములు అలా కాదు, మొత్తం ఎముకే, ఏడాదికోసారి రాలిపోయి కొత్తవి మొలుస్తాయి.

అందుకని ముందు మీ చాకుది ఏదో తేల్చుకోండి. లైటుకి ఎదురుగా పెడితే ఆవు, పొట్టేలు కొమ్ము అంచుల్లో తేనె రంగులో వెలుగు కనిపిస్తుంది. నల్ల గేదె కొమ్ములో అంతగా కనపడదు, దుప్పి కొమ్ములో అసలు కనపడదు, దానికి కోసిన చివర మధ్యలో స్పాంజి లాంటి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. మరీ డౌటుగా ఉంటే కాల్చిన సూదిని బయటికి కనపడని చోట కొంచెం ఆనించండి, వెంట్రుక కాలిన వాసన వస్తే అసలుది, సూది మెత్తగా దిగిపోయి కెమికల్ కంపు కొడితే ప్లాస్టిక్. ప్లాస్టిక్ అయితే కింద రాసిందేదీ మీకు పనికిరాదు.

పిన్ను దగ్గర సన్నగా బీట వచ్చింది

ఎక్కువగా వచ్చేది ఇదే. గాల్లో తేమ తగ్గితే కొమ్ము అడ్డంగా ముడుచుకుంటుంది, ఇత్తడి పిన్ను మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, దాంతో పిన్ను రంధ్రం నుంచే చీలిక మొదలవుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో రోజంతా ఏసీ నడిచే గదిలో పెట్టినా ఇంతే, వైజాగ్ తేమలో ఏళ్ళ తరబడి బాగున్న చాకుని చికాగో తీసుకెళ్తే చలికాలం హీటర్ గాలికి పగలడం కూడా ఇందుకే.

చూడగానే ఫెవిక్విక్ పొయ్యకండి! బీట తెరుచుకుని ఉన్నప్పుడే నింపేస్తే, తర్వాత తేమ తగిలి కొమ్ము ఉబ్బినప్పుడు ఆ గట్టిపడిన జిగురు పక్కకి నెట్టి ఇంకోచోట పగలగొడుతుంది. ముందు చాకుని జిప్ కవర్లో పెట్టి, అందులోనే ఒక మూల తడి గుడ్డ ఉంచండి, గుడ్డ చాకుకి తగలకూడదు, బ్లేడుకి మాత్రం నూనె పూసి పెట్టండి లేకపోతే తుప్పు పడుతుంది. రోజూ తీసి గోరుతో బీట మీద గీసి చూడండి. గోరు తట్టుకోవడం తగ్గుతూ వస్తే బీట మూసుకుంటున్నట్టే. బాగా మూసుకున్నాక పల్చటి సూపర్ గ్లూ ఒక్క చుక్క వేస్తే అదే లోపలికి పాకుతుంది. ఇంకా సందు మిగిలితే అదే రంగు కొమ్ముని రాకి ఆ పొడి నింపి దానిమీద గ్లూ వెయ్యండి, ఆరాక 400 నంబరు వాటర్ పేపర్‌తో (నున్నగా రుద్దే గరుకు కాగితం) సాపు చెయ్యండి. మాస్క్ పెట్టుకోండి, కొమ్ము పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇక్కడే ఏ కొమ్ము ఎలాంటిదో బయటపడుతుంది. నా లెక్కలో అన్నిటికంటే గట్టిగా నిలిచేది గేదె కొమ్ము కొన. అక్కడ బోలు ఉండదు, గట్టి ముద్దలా ఉంటుంది, ఫ్రాన్స్‌లో లాగ్యోల్ చాకులు చేసేవాళ్ళు కూడా కొమ్ము కొనతో చేసిన పిడికి రేటు ఎక్కువ పెట్టేది ఊరికే కాదు. ఆవు కొమ్ము చారలతో చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ పగిలితే ఆ చార వెంబడే పోతుంది. పొట్టేలు కొమ్మైతే పొరలు పొరలుగా లేస్తుంది, దానికి బీట కంటే పొర లేవడమే పెద్ద తలనొప్పి, పొర కిందికి పల్చటి గ్లూ పంపి క్లాంపు బిగించడం తప్ప వేరే దారి లేదు.

పిడి చివర లేచింది, లోపలి రేకుకీ పిడికీ మధ్య సందు వచ్చింది

బోలుగా ఉన్న భాగాన్ని వేడి చేసి బల్లపరుపుగా నొక్కి పిడి చేస్తారు. కొమ్ము మాత్రం తన పాత వంపు మర్చిపోదు, ఎండలో కార్లో వదిలేస్తే మళ్ళీ అటే తిరుగుతుంది. కాగితం దూరేంత సందైతే వదిలెయ్యండి, వానలు పడితే తగ్గొచ్చు. ఎక్కువైతే పిన్నులు డ్రిల్ చేసి పిడి ఊడదీసి, మరిగే నీళ్ళలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక రెండు ఇనప పలకల మధ్య బిగించి పూర్తిగా చల్లారేదాకా కదపకుండా వదిలెయ్యాలి, వేడిగా ఉండగానే విప్పితే పడ్డ కష్టమంతా వేస్టు. తర్వాత అతికే రెండు వైపులా గరుకు చేసి, స్పిరిట్‌తో జిడ్డు తుడిచి అరాల్డైట్ పెట్టండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది. పిన్నులు ఊడదియ్యడం అలవాటు లేకపోతే పని తెలిసినవాళ్ళకి ఇవ్వడం మేలు. దుప్పి కొమ్ముకి ఈ వేడి నీళ్ళ వైద్యం పనిచెయ్యదు, అది ఎముక కదా.

వానాకాలం బ్లేడు బిగుసుకుపోయింది

లోపల ఇత్తడి రేకులు లేకుండా, కొమ్ములోనే గాడి కోసి చేసిన చాకులకి వస్తుంది, కొమ్ము ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది. బలవంతంగా లాగొద్దు. నీడలో ఫ్యాన్ గాలికి రెండు మూడు రోజులు ఆరనివ్వండి, ఎండలో మాత్రం పెట్టకండి. ప్రతి ఏడాదీ ఇదే గొడవైతే గాడి లోపల బ్లేడు రాసుకునే చోట కొద్దిగా వాటర్ పేపర్ పట్టండి.

మెరుపు పోయి తెల్లగా మసకబారింది

గిన్నెలతో పాటు సబ్బు నీళ్ళలో నానబెట్టారన్నమాట. 600 నుంచి 2000 దాకా వాటర్ పేపర్ వరసగా పట్టి, మెత్తటి గుడ్డతో పాలిష్ చేసి, కొద్దిగా లిక్విడ్ పారఫిన్ రాసి తుడిచెయ్యండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి జిడ్డుగా మారి కంపు కొడుతుంది. మెషీన్ చక్రంతో పాలిష్ చేస్తుంటే వేడెక్కిందేమో మధ్యమధ్యలో వేలితో తాకి చూడండి, వెంట్రుక కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే లేటు.

పిన్ను చుట్టూ పచ్చగా పడితే అది ఇత్తడి చిలుము, అగ్గిపుల్లతో గీకి నూనె గుడ్డతో తుడిస్తే చాలు.

చిన్న చిన్న గుంటలు, పక్కన పొడి

పట్టుచీరలు, ఉన్ని బట్టలు కొట్టేసే పురుగుల పిల్లల పనే ఇది, కెరటిన్ వాటికి తిండి. బీరువాలో ఏళ్ళ తరబడి కదపకుండా ఉన్న చాకులకే ఎక్కువగా పడుతుంది. గాలి చొరకుండా కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక కవరు మామూలు వేడికి వచ్చేదాకా విప్పొద్దు, తొందరపడితే చెమ్మ పట్టి తుప్పూ బీటా రెండూ వస్తాయి. తర్వాత గుంటల్ని పైన చెప్పినట్టు పొడీ గ్లూతో పూడ్చండి.

పిడే మార్చాల్సొస్తే

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటగానే ఒడిశాలో వచ్చే పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు, యూపీలో సంభల్ కూడా. బొమ్మలు, దువ్వెనలు చేసేవాళ్ళ దగ్గర గేదె కొమ్ము కొన ముక్కలు అడిగి చూడండి, పచ్చి కొమ్ము మాత్రం వద్దు, ఎండి నెలలు గడిచినదే తీసుకోండి. కోసిన చివర చూడండి, అక్కడ అప్పటికే గీతలు గీతలుగా విచ్చుకుంటుంటే ఆ ముక్క వదిలెయ్యండి. ఎవరైనా దుప్పి కొమ్ము ఇస్తానంటే, అడవిలో రాలిందే ఏరుకొచ్చాను అన్నా సరే తీసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద మన దేశంలో దాన్ని అమ్మడం, కొనడం నేరం.