ఇంట్లోనే మిషన్ కుట్టు – 6వ పాఠం: మార్జిన్ అంతటా ఒకేలా రావాలంటే

కిందటి పాఠంలో దారం లేకుండా గీతల కాగితం మీద తిన్నగా నడపడం సాధన చేశాం. ఈసారి గుడ్డ మీదికి వద్దాం. కుట్టు తిన్నగా రావడం ఒక ఎత్తు. గుడ్డ అంచు నుంచి అనుకున్నంత దూరంలోనే చివరి దాకా నడవడం మరో ఎత్తు. అంచుకీ కుట్టుకీ మధ్య ఉండే ఆ దూరమే మార్జిన్.

ముందు ఒక లెక్క. ఆరు కలీల (నిలువు ముక్కల) లంగాకి అర అంగుళం మార్జిన్ వదిలి కత్తిరించారు. కుట్టేటప్పుడు అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ లోపలికి పోయింది. చూస్తే కంటికి ఆనదు. కానీ ఒక్కో కలీకి రెండు పక్కలా కలిపి పావు అంగుళం తగ్గింది, ఆరు కలీలకి ఒకటిన్నర అంగుళం. నడుం పట్టీ వేయబోతే అంత పట్టీ మిగిలిపోతుంది. అప్పుడు కత్తిరింపు మీద అనుమానపడతాం. కత్తెర పాపం సరిగ్గానే కోసింది.

చాక్ గీత మీద కుడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. జాకెట్టు పక్కలకి సరిపోతుంది, పైగా అక్కడ అదే మంచి పద్ధతి. తర్వాత లూజు చేసుకోవడానికి అంగుళమో ఒకటిన్నరో వదులుతాం కాబట్టి గీతే ఆధారం. మార్జిన్ మారని చోట్ల, అంటే భుజాలు, కలీలు, దిండు గలీబులు లాంటి వాటికి, ప్రతిసారీ గీత గీయడం దండగ. అక్కడ గుడ్డ అంచు ఆనుకుని నడిచేలా ఒక గైడ్ పెట్టుకుంటే పని తేలిక, కొలతా నిలుస్తుంది.

సూది పక్కలకి కూడా కదిలే కొత్త జిగ్‌జాగ్ మిషన్లకి సూది కింది ప్లేటు మీద గీతలుంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే నల్ల తొక్కుడు మిషన్లకి చాలావాటికి ఉండవు. గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం కుడి అంచునే కొలతగా పెట్టుకునేవాళ్లున్నారు. అది ఎంత దూరమో ఒక్కసారైనా కొలిచారా? ఒక్కో పాదానికి ఒక్కోలా ఉంటుంది.

కొలవడం ఇలా. కాలు పెడల్ మీద నుంచి తీసేయండి, కరెంటు మిషనైతే స్విచ్ ఆపండి. కొలత టేపు చివర రేకు ఉంటుంది, అది అరిగినా కదిలినా కొలత తప్పుతుంది. అందుకని చివర నుంచి కాకుండా, చక్రం చేత్తో తిప్పి సూది మొనను సరిగ్గా 1 అంగుళం గీత మీదికి దించండి. కుడి పక్కన ఒకటిన్నర గీత ఎక్కడుందో అదే అర అంగుళం మార్జిన్ చోటు. అక్కడ మాస్కింగ్ టేపు ఎడమ అంచు పాదానికి సమాంతరంగా ఉండేలా అంటించండి. టేపు పాదం పక్కనే ఆగిపోకుండా మీ వైపు మూడు అంగుళాల దాకా రావాలి. పాదం కింద గుడ్డను జరిపే పళ్ల మీదికి మాత్రం ఎక్కకూడదు. ఐదారు పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తే చిన్న గట్టు అవుతుంది, గుడ్డ అంచు దానికి ఆనుకుని నడుస్తుంది.

కుట్టేటప్పుడు కళ్లు ఎక్కడుండాలి? ఈ పాఠానికంతటికీ ఇదే ముఖ్యం. సూదిని చూడకండి. సూది ఎక్కడికీ పోదు, దాని చోటు దానిదే. పాదానికి ముందు, గుడ్డ అంచు గట్టును తాకే చోట చూడండి. సూది దగ్గర వంకర కనబడేసరికి కుట్టు పడిపోయి ఉంటుంది. సిరిమాను పండగ ముందు బేగి ఇచ్చేయాలన్న టెన్షన్‌లో చూపు మళ్లీ సూది మీదికే పోతుంది, గమనించుకోండి.

టేపు కన్నా గట్టిది కావాలంటే టీ ఆకారంలో ఉండే ఇనుప గైడ్ దొరుకుతుంది. మీ మిషన్ పలక మీద సూదికి కుడివైపు మర రంధ్రం ఉంటే అది దీనికోసమే. స్క్రూ బిగించేటప్పుడు గైడ్ కాస్త తిరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. అయస్కాంతం గైడ్ ఇనుప పలక మీద బాగా పట్టుకుంటుంది, అల్యూమినియం పలక మీద పట్టుకోదు. గుండుసూదులనూ లాగేస్తుంది. కంప్యూటర్ మిషనైతే దాని పుస్తకం చూడకుండా వాడొద్దు. పావు అంగుళం కుట్టుకి పక్కన రేకు ఉన్న పాదం కూడా ఉంది. కొనడానికి వెళ్లేటప్పుడు మీ పాత పాదం విప్పి వెంట తీసుకెళ్లండి. జిగ్‌జాగ్ మిషన్‌కి ఇది పెడితే సూది నడిమధ్యలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే పాదానికి తగిలి విరుగుతుంది.

పొందూరు ఖద్దరు లాంటి సన్నటి గుడ్డతో ఒక చిక్కుంది. కోసిన అంచు పోగులు ఊడుతుంది. గైడ్‌కి ఆనేది గుడ్డ కాదు, ఊడిన పోగులు. మార్జిన్ పావు కాకుండా అర అంగుళం వదలండి, కుట్టే ముందు పోగులు కత్తిరించండి. పోగులు ఊడకుండా అంచు చుట్టి కుట్టే ఓవర్‌లాక్ ముందే చేయిస్తే దాని కత్తి కొంత గుడ్డ కోసేస్తుంది, ఆ మేరకు గైడ్ సూది వైపు జరగాలి.

ఇక పరీక్ష. పాత నూలు చీర నుంచి 2 అంగుళాల వెడల్పు పట్టీలు మూడు కోయండి. అర అంగుళం మార్జిన్‌తో మూడూ పక్కపక్కన కుట్టి, మార్జిన్లు చెరో పక్కకి తెరిచి ఇస్త్రీ చేయండి. నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తగ్గితే, ఎంత తగ్గిందో అందులో సగం గైడ్‌ని సూది వైపు జరపండి. పెరిగితే అంతే లెక్కన దూరం జరపండి. ఇస్త్రీ చేయకుండా కొలవొద్దు, మడతలో కొంత గుడ్డ దాక్కుంటుంది.

నడిమి పట్టీ ఆ చివర నుంచి ఈ చివర దాకా 1 అంగుళం వచ్చేదాకా కొత్త పట్టీలు కుడుతూ ఉండండి. వచ్చే పాఠంలో చంక వంపు కుడతాం. వంపు దగ్గర పొడవాటి గైడ్ పనికిరాదు, దాన్ని ఏటవాలుగా తిప్పి ఒక్క మూల మాత్రమే సూదికి ఎదురుగా ఉంచాలి. అందుకు పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి సిద్ధంగా ఉంచుకోండి.