ఎల్ఆర్‌జీబీ చిత్రంలో వెలుగును, రంగును కలిపే పద్ధతి

ఎల్ఆర్‌జీబీ అంటే లూమినెన్స్ (వెలుగు), ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో విడివిడిగా తీసిన ఆకాశ చిత్రాలను ఒకటిగా కలపడం. మోనో (నలుపు-తెలుపు) కెమెరాకు లూమినెన్స్ ఫిల్టర్ పెడితే సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు ఉన్న కాంతి అంతా ఒకేసారి సెన్సర్‌పై పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఒక్కొక్కటి అందులో దాదాపు మూడో వంతునే రానిస్తాయి. మన కన్ను సూక్ష్మ వివరాలను రంగులో కంటే వెలుగునీడల్లోనే బాగా గుర్తిస్తుంది కనుక, ఎక్కువ ఎక్స్‌పోజర్ సమయాన్ని లూమినెన్స్‌కే కేటాయించడం మేలు.

డార్క్ (మూత పెట్టి తీసిన), ఫ్లాట్ (సమంగా వెలిగే తలాన్ని తీసిన) ఫ్రేములతో సరిచేసిన నాలుగు స్టాకులనూ, అంటే ఒక్కో ఫిల్టర్‌తో తీసిన పలు ఫ్రేములను కలిపిన చిత్రాలను, ఒకే ఫ్రేముకు అలైన్ చేసి, గ్రేడియంట్‌ను (నేపథ్యంలో ఒక వైపు నుంచి మరో వైపుకు మారే వెలుగును) దేనికది విడిగా తొలగించండి. కాంతి కాలుష్యం ఒక్కో ఫిల్టర్‌లో ఒక్కో తీరుగా పడుతుంది కాబట్టి, అన్నీ కలిపేశాక దాన్ని విడదీయడం చాలా కష్టం. డీకన్వల్యూషన్‌ను (మసకబారిన వివరాలను పదునుపెట్టే లెక్కను) స్ట్రెచ్‌కు, అంటే చీకటి భాగాలు కనిపించేలా వెలుగును పెంచడానికి, ముందే, లూమినెన్స్‌పై మాత్రమే చేయాలి; రంగు చిత్రానికి కలర్ క్యాలిబ్రేషన్ కూడా ఆ దశలోనే పూర్తి కావాలి.

అసలు చిక్కు స్ట్రెచ్ తరువాత వస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ నీలి సర్పిలాకార చేతుల్లో ఒక చోటును తీసుకుని చూడండి: 0 నలుపు, 1 తెలుపు అనుకుంటే, అక్కడ లూమినెన్స్ విలువ 0.60 ఉండి, రంగు చిత్రపు లైట్‌నెస్ (వెలుగు స్థాయి) 0.35 మాత్రమే ఉంటే, కలిపిన వెంటనే ఆ నీలం వెలిసిపోయి బూడిద బారుతుంది. వెలుగు పెరిగినా దానికి తగ్గట్టు రంగు పెరగకపోవడమే ఇందుకు కారణం. శాచురేషన్ (రంగు గాఢత) పెంచి దీన్ని కప్పిపుచ్చాలని చూస్తే రంగుల నాయిస్ (అడ్డదిడ్డమైన రంగు చుక్కలు) కూడా పైకి తేలుతుంది. అందువల్ల కలపడానికి ముందే రెండింటి హిస్టోగ్రాములూ (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపే గ్రాఫులు) దాదాపు ఒకదానిపై ఒకటి కూర్చునేదాకా స్ట్రెచ్‌ను సవరించడమే సరైన మార్గమని నా దృఢమైన అభిప్రాయం. ఈ ఒక్క పనికి ఎంత సమయం పట్టినా వెచ్చించండి.

నక్షత్రాల నడిమి భాగం తెల్లబడకుండా రంగు చిత్రానికి ఆర్క్‌సైన్‌హెచ్ స్ట్రెచ్ (రంగుల నిష్పత్తిని నిలుపుతూ వెలుగును పెంచే గణిత పద్ధతి) వాడవచ్చు. ఆపై శాచురేషన్ కొద్దిగా పెంచి, రంగుల నాయిస్‌ను కాస్త ధారాళంగానే తగ్గించండి, ఎందుకంటే వివరాలను లూమినెన్స్ మోస్తుంది.

కలిపాక ప్రకాశవంతమైన నక్షత్రాలను 200 శాతం జూమ్‌లో పరిశీలించండి. చుట్టూ నీలి వలయం కనిపిస్తే, నీలం ఫ్రేముల్లో ఫోకస్ తప్పి నక్షత్రాలు లూమినెన్స్‌లోకంటే ఉబ్బి ఉండవచ్చు. అప్పుడు స్టార్ మాస్క్ (మార్పును నక్షత్రాలకే పరిమితం చేసే ముసుగు) వేసి, ఆ వలయంలో మాత్రమే శాచురేషన్ తగ్గించాలి.